ఈ ఫైలు ఆ ఫైలేనా? హ్యాష్ సరిచూపు, పాతబస్తీ ప్రెస్సులు

హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున నయాపూల్ పక్కనున్న హైకోర్టులో 2024 జూలై 1 నుంచి ఒక కొత్త ఫారం నడుస్తోంది. ఫోన్లో తీసిన వీడియోనైనా, కంప్యూటర్లో దాచిన లెక్కల ఫైలునైనా సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఏ పద్ధతిలో లెక్కగట్టారో గడిలో టిక్కు పెట్టాలి. ఫైలు తెచ్చిన మనిషి ఒక భాగం నింపితే నిపుణుడు మరో భాగం నింపి సంతకం చేస్తాడు. మధ్యలో ఎవరూ ఫైలును తాకలేదని కోర్టు నమ్మడానికి చట్టం పెట్టిన ఏర్పాటు అది.

అక్కణ్నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఛత్తా బజార్ ఉంది. పాతబస్తీలో పెళ్లి పత్రికలు ఎక్కువగా అచ్చయ్యేది అక్కడే. ఒకప్పుడు కాతిబ్‌లనే ఉర్దూ లేఖకులు కలంతో రాసిన నస్తాలీఖ్ అక్షరాలను ఇప్పుడు ఇన్‌పేజ్ రాస్తోంది. ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో తెచ్చిన ఆ ప్రోగ్రాం ఉర్దూ అచ్చు ప్రపంచాన్నే మార్చేసింది. తెలుగు పత్రిక కావాలంటే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ తెరుస్తారు. పేజ్‌మేకర్ ఏడో వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తర్వాత కొత్తది రాలేదు. అయినా ఊరూరా డీటీపీ సెంటర్లలో దాని మీదే బతుకుతున్నవాళ్లున్నారు. పాత ప్రోగ్రాంలు కావాలి కాబట్టి పాత విండోస్ ఉంచుకుంటారు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న మద్దతు ఆపేసినా యంత్రం నడుస్తున్నంతకాలం దాన్ని తీసేవారుండరు.

ఇలాంటి సెంటర్లో కంప్యూటర్ మొరాయిస్తే ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించే కుర్రాడొస్తాడు. అతని పెన్‌డ్రైవ్‌లో ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో ఫోల్డరు ఉంటుంది. ఒక్కో ఫోల్డరులో సెటప్ ఫైలు, దాని పక్కన క్రాక్ అని మరో చిన్న ఫోల్డరు, అందులో ఒక నోట్‌ప్యాడ్ ఫైలు. ముందు యాంటీవైరస్ ఆపేయమనీ, తర్వాత ఈ ఫైలును కాపీ చేసి పాతదాని మీద పెట్టమనీ అందులో రాసి ఉంటుంది. ఆ సెటప్ ఎవరు తయారుచేసింది, ఎన్ని చేతులు మారింది, దారిలో ఎవరేం కలిపింది అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు దొరకదు. కోర్టులో పెళ్లి వీడియోను సాక్ష్యంగా పెట్టాలంటే హ్యాష్ కావాలి. ఆ పెళ్లి పత్రిక వేసిన యంత్రంలోకి ఊరూ పేరూ లేని ప్రోగ్రాం ఎక్కించడానికి మాత్రం ఏదీ అక్కర్లేదు.

హ్యాష్ అంటే ఒక లెక్క. ఫైలులోని ప్రతి బిట్టునూ ఆ లెక్కలో వేస్తే చివర ఒక స్థిరమైన పొడవున్న సంఖ్య వస్తుంది. ఎండీ5 అయితే 32 అంకెలూ అక్షరాలూ, షా-1 అయితే 40, షా-256 అయితే 64. ఫైలు రెండు కిలోబైట్లున్నా రెండు గిగాబైట్లున్నా పొడవు మారదు. అదే ఫైలును ఎక్కడ ఎన్నిసార్లు లెక్కగట్టినా అదే సంఖ్య వస్తుంది. ఛత్తా బజార్‌లో కంపోజ్ చేసిన ఉర్దూ పత్రికలో ఒక్క నుఖ్తా (చుక్క) తీసేసి ఫైలు మళ్లీ సేవ్ చేస్తే షా-256 విలువ మొత్తం తారుమారవుతుంది. కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే వాటి మధ్య చుట్టరికమే కనిపించదు. మార్పు ఎంత చిన్నదో, ఎక్కడ జరిగిందో హ్యాష్ చెప్పదు. మారిందని మాత్రం చెబుతుంది.

చార్‌మినార్ వైపు కొంచెం ముందుకెళ్తే గుల్జార్ హౌజ్ బంగారం కొట్లు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ ఏ రకం, ఎంత స్వచ్ఛత, ఎక్కడ పరీక్షించారు అన్న వివరాలొస్తాయి. ఫైలు హ్యాష్‌ను ఒక జాబితాలో వెతకడం దాదాపు ఇలాంటి పనే. అయితే నగ మీది సంఖ్యను బయటి నుంచి చెక్కుతారు కాబట్టి మోసగాడు అదే సంఖ్యను మరో నగ మీద చెక్కవచ్చు. హ్యాష్‌ను ఎవరూ అతికించరు, అది ఫైలులోంచే పుడుతుంది. ఫైలు మారితే పాత హ్యాష్ దానికి అంటదు. జాబితా విషయానికొస్తే బంగారానిదే పైచేయి. నగల వివరాలన్నీ ఒక ప్రభుత్వ సంస్థ దగ్గర ఒకేచోట ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌కు అలాంటి ఒకే ఒక్క జాబితా ప్రపంచంలో ఎక్కడా లేదు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

హ్యాష్ సరిచూడటం అనే ఒకే మాట కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయాయి. దించుకున్న ఫైలు దారిలో పాడవకుండా, మారకుండా వచ్చిందా అన్నది ఒకటి. ఈ ఫైలు ఫలానా కంపెనీ విడుదల చేసిన ఫలానా వెర్షనేనా అన్నది రెండోది. ఇది ఇప్పటికే దొంగదని తేలిన ఫైలా అన్నది మూడోది. ఒకదానికి వచ్చిన జవాబును ఇంకోదానికి వాడుకోవడం వల్లే జనం మోసపోతున్నారని నా అభిప్రాయం. క్రాక్ ఫోల్డరులోనూ ఒక్కోసారి హ్యాష్ విలువలు రాసిన చెక్‌సమ్ ఫైలు ఉంటుంది. అది సరిపోతే క్రాక్ చేసినవాడి చేతిలోంచి బయల్దేరిన ఫైలు చెక్కుచెదరకుండా చేరిందని మాత్రమే అర్థం. ఆ చేతిలో ఏముందో అది చెప్పదు.

వెబ్‌సైటులో డౌన్‌లోడ్ బటన్ కింద హ్యాష్ రాసిపెట్టడం పాత అలవాటు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైటులోకి చొరబడినవాళ్లు 17.3 సిన్నమన్ ఐఎస్‌ఓ లింకును తమ సర్వరు వైపు తిప్పేశారు. దించుకున్నవాళ్లకు దొడ్డిదారి పెట్టిన లినక్స్ వచ్చింది. లింకు మార్చగలిగినవాడికి దాని పక్కన రాసిన హ్యాష్‌ను మార్చడం ఎంతసేపు? ఫైలూ దాని సాక్ష్యమూ ఒకే ఇంట్లో ఉంటే ఆ సాక్ష్యానికి విలువ లేదు.

రెండూ వేర్వేరు చోట్ల ఉన్నప్పుడు మాత్రం ఫలితం కళ్లకు కట్టినట్టు కనిపించింది. 2017 మేలో హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో ప్రోగ్రాం మ్యాక్ ఫైళ్లున్న రెండు నకలు సర్వర్లలో (మిర్రర్లలో) ఒకదాన్ని దొంగలు పట్టుకున్నారు. అప్పుడు తమ దగ్గరున్నది అసలుదా నకిలీదా అని తేల్చుకోవడానికి జనానికి చెక్‌సమ్‌లే దిక్కయ్యాయి. 2021లో కోడ్‌కవ్ సంగతి ఇంకా గట్టిది. ఆ కంపెనీ ఇచ్చే బ్యాష్ అప్‌లోడర్ స్క్రిప్టులో జనవరి 31 నుంచే ఎవరో మార్పులు చేస్తున్నారు. వేలమంది వాడుతున్నా ఎవరికీ అనుమానం రాలేదు. ఏప్రిల్ 1న ఒక కస్టమరు తను దించుకున్న స్క్రిప్టు హ్యాష్‌ను గిట్‌హబ్‌లో ఉంచిన హ్యాష్‌తో పోల్చి, రెండూ వేరని కంపెనీకి చెప్పాడు. రెండు నెలలు సాగిన దొంగతనం ఒక్క పోలికతో బయటపడింది. ఈ పని వృథా అని వాదించేవారికి నేను చూపించే ఉదాహరణ ఇదే.

అయితే ఎవరో ఒకరు పోల్చి చూస్తారన్న ఆశ మీద ఇల్లు కట్టలేం. అరవై నాలుగు అక్షరాలను కంటితో సరిచూడటం మనుషులు చేసే పని కాదు. మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి వదిలేస్తారు. డెబియన్ లినక్స్ ఈ సంగతి చాలాకాలం క్రితమే గ్రహించి మొత్తం పనిని యంత్రానికి అప్పగించింది. అక్కడ పైన రిలీజ్ అనే ఫైలు ఉంటుంది, దాని మీద డెబియన్ తాళంతో సంతకం ఉంటుంది. అందులో ప్యాకేజీల పట్టికల షా-256 విలువలుంటాయి. ఆ పట్టికల్లో ఒక్కో ప్యాకేజీ ఫైలు షా-256 విలువ ఉంటుంది. ప్యాకేజీ దించగానే యాప్ట్ ప్రోగ్రాం దాని హ్యాష్‌ను లెక్కగట్టి పట్టికతో పోలుస్తుంది. పట్టికను రిలీజ్ ఫైలుతో పోలుస్తుంది. రిలీజ్ ఫైలు మీది సంతకాన్ని కంప్యూటర్లో ముందే ఉన్న తాళంతో చూస్తుంది. ఎక్కడ తేడా వచ్చినా ఆగిపోతుంది. కాబట్టి ఫైలు ఏ కాలేజీ మిర్రర్ నుంచి వచ్చినా, ముక్కూ మొహం తెలియనివాడి సర్వరు నుంచి వచ్చినా భయం లేదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులోకి తెచ్చిన లినక్స్ వాడినవాళ్లు కూడా ఈ రక్షణను తెలియకుండానే అనుభవించారు. తెలియకుండా జరగడమే ఇందులోని గొప్పతనం.

ఈ గొలుసుకూ ఒకసారి చిల్లు పడింది. 2019 జనవరిలో యాప్ట్‌లోనే ఒక లోపం బయటపడింది. దారిలో కూర్చున్నవాడు సర్వరు జవాబులో తనకు కావలసిన హ్యాష్‌ను దూర్చి యాప్ట్‌ను నమ్మించగలిగేవాడు. వెంటనే సరిదిద్దారు. హ్యాష్ లెక్క తప్పలేదు, దాన్ని చేరవేసే దారిలో తప్పు దొర్లింది. ఈ రంగంలో జరిగిన ప్రమాదాల్లో ఎక్కువ ఇలాంటివే.

ఇక జాబితాలు. వీటిలో పాతదీ పెద్దదీ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నడిపే నేషనల్ సాఫ్ట్‌వేర్ రిఫరెన్స్ లైబ్రరీ. సాఫ్ట్‌వేర్ అసలు ప్రతులను సేకరించి, వాటిలోని ప్రతి ఫైలునూ లెక్కగట్టి హ్యాష్‌లు ప్రచురిస్తుంది. ఫోరెన్సిక్ ల్యాబులవాళ్లు జప్తు చేసిన హార్డ్‌డిస్కులో విండోస్ ఫైళ్ల వంటి మామూలు సరుకును పక్కకు తీసి, మిగిలినవాటినే చూడటానికి దీన్ని వాడతారు. లక్సెంబర్గ్‌లోని సర్కిల్ సంస్థ ఈ జాబితాకు అనేక లినక్స్ పంపిణీల ప్యాకేజీలను కలిపి హ్యాష్‌లుక్అప్ అనే ఉచిత సేవ నడుపుతోంది. హ్యాష్ పంపితే ఆ ఫైలు ఏ ప్యాకేజీలోదో చెబుతుంది. నెట్ లేనిచోట పనికొచ్చేలా జాబితాను కుదించి బ్లూమ్ ఫిల్టర్ రూపంలోనూ ఇస్తుంది. ఆ ఫిల్టర్ లేదు అంటే నిజంగా లేనట్టే, ఉంది అంటే బహుశా ఉండవచ్చని అర్థం.

మరోవైపు చెడ్డ ఫైళ్ల జాబితాలున్నాయి. వైరస్‌టోటల్ 2004లో స్పెయిన్‌లో మొదలైంది, 2012లో గూగుల్ కొనేసింది. హ్యాష్ వెతికితే ఏ యాంటీవైరస్ ఏమందో చూపిస్తుంది. ఇక్కడ డీటీపీ సెంటర్లకూ మీసేవ కేంద్రాలకూ ఒక మాట చెప్పాలి. అందులో ఫైలునే ఎక్కిస్తే అది ఆ సేవకు డబ్బు కట్టే పరిశోధకుల చేతికి కూడా వెళ్లవచ్చు. కస్టమరు ఆధార్ కాపీనో, ఆస్తి దస్తావేజునో అనుమానంతో అందులో ఎక్కించేయకూడదు. హ్యాష్‌ను మాత్రమే లెక్కగట్టి వెతికితే ఫైలు గడప దాటదు.

మంచి జాబితాలో ఉంటే మంచిది, చెడ్డ జాబితాలో ఉంటే చెడ్డది, రెండింటిలోనూ లేకపోతే? మన దగ్గర అసలు ప్రశ్న ఇది. 2024 నవంబరులో హిమాచల్ ప్రదేశ్ సైబర్ పోలీసులు పెళ్లి పత్రికల పేరుతో వాట్సాప్‌లో తిరుగుతున్న ఏపీకే ఫైళ్ల గురించి హెచ్చరించారు. పత్రిక అనుకుని నొక్కితే ఫోన్లో దొంగ యాప్ కూర్చుంటుంది, ఎస్సెమ్మెస్‌లు, బ్యాంకు ఓటీపీలు దానికి చిక్కుతాయి. చలాన్ల పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో వచ్చే ఏపీకేలు మన రాష్ట్రంలోనూ ఎందరి ఖాతాలనో ఖాళీ చేశాయి. ఇలాంటివి పంపేవాడికి హ్యాష్ జాబితాలను తప్పించుకోవడం ఏమంత పని కాదు. యాప్‌లో ఒక్క అక్షరం మార్చి మళ్లీ కడితే కొత్త హ్యాష్ పుడుతుంది. ప్రపంచంలో ఎవరూ చూడని ఫైలు కాబట్టి ఏ చెడ్డ జాబితాలోనూ అది కనిపించదు. వెతికితే ఏమీ రాలేదంటే ఫైలు శుభ్రంగా ఉందని చాలామంది అర్థం చేసుకుంటారు. పేరున్న కంపెనీ ప్రోగ్రాంకు ఎక్కడా జాడ లేకపోవడమే అనుమానించాల్సిన విషయం.

మంచి జాబితాలో ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేమని చూపిన ఘటన సాక్షాత్తూ ఇన్‌పేజ్ చుట్టూనే జరిగింది. ఆ ప్రోగ్రాంలో ఎవరికీ తెలియని లోపాన్ని వాడుకుని ఆసియా, ఆఫ్రికా బ్యాంకుల మీద దాడి జరిగిందని కాస్పర్‌స్కీ 2016 నవంబరులో బయటపెట్టింది. 2018 నవంబరులో మైక్రోసాఫ్ట్ మరో దాడిని వివరించింది. బాధితుల్లో ఎక్కువమంది పాకిస్తాన్‌లో ఉన్నారు. ఉర్దూ ఇన్‌పేజ్ ఫైలు తెరవగానే అది కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ పాత వెర్షన్‌ను పెట్టేది. ఆ వీఎల్‌సీ నకిలీది కాదు. జాబితాలో వెతికితే అసలైనదనే వస్తుంది. దాని పక్కన పెట్టిన డీఎల్‌ఎల్ ఫైలే దొంగది. పాత వీఎల్‌సీ తన పక్కనున్న డీఎల్‌ఎల్‌ను అడక్కుండా ఎక్కించుకునేది కాబట్టి మంచివాడి భుజం మీదుగా దొంగ లోపలికి వచ్చాడు. కాబట్టి ఒక్క సెటప్ ఫైలు హ్యాష్ చూస్తే చాలదు. ఇన్‌స్టాల్ అయ్యాక ఆ ఫోల్డరులో ఏమేం ఉన్నాయో కూడా చూడాలి.

కంపెనీ సొంత సైటులోనే నకిలీ దొరికితే? 2024 జూన్‌లో ఒక భారతీయ కంపెనీ అధికారిక సైటులోని నోట్‌జిల్లా వంటి ప్రోగ్రాంల సెటప్‌లలో దొంగ సరుకు కలిసి ఉందని ర్యాపిడ్7 సంస్థ కనిపెట్టింది. ఆ ఫైళ్ల మీద సంతకం లేదు. డౌన్‌లోడ్ పేజీలో రాసిన సైజు కన్నా అవి పెద్దవిగా ఉన్నాయి. హ్యాష్ దాకా వెళ్లక్కర్లేకుండానే తేడా కనిపించేది. అదే 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టిన, లినక్స్‌లో వాడే ఎక్స్‌జడ్ అనే ప్రోగ్రాం ఉదంతంలో హ్యాష్‌లూ సంతకాలూ అన్నీ సక్రమంగానే ఉన్నాయి. దొడ్డిదారిని కలిపింది ఆ ప్రాజెక్టు నమ్మిన నిర్వాహకుడే. సంతకం పెట్టే చేయే దొంగదైతే హ్యాష్ ఏమీ చేయలేదు. అందుకే డెబియన్ వంటి ప్రాజెక్టులు ఒకే సోర్సు నుంచి వేర్వేరు చోట్ల కట్టినా బిట్టుకు బిట్టు అదే ఫైలు రావాలన్న పద్ధతి మీద ఏళ్లుగా కష్టపడుతున్నాయి. ఇద్దరు ముగ్గురు విడివిడిగా కట్టి ఒకే హ్యాష్ సాధిస్తే, కట్టేచోట ఎవరూ ఏమీ కలపలేదని తెలుస్తుంది. ఎక్స్‌జడ్‌లో విడుదల చేసిన మూటకూ, అందరికీ కనిపించే గిట్ కోడుకూ తేడా ఉంది. దాన్ని పోల్చి చూసే అలవాటు లేకపోవడమే దొంగకు కలిసొచ్చింది.

ఏ హ్యాష్ వాడాలన్నది పెద్ద వివాదం కాదు. షా-256 వాడాలి, అంతే. ఎండీ5లో ఒకే విలువ వచ్చే రెండు ఫైళ్లను 2004లో షియావోయున్ వాంగ్ బృందం చూపించింది. 2012లో బయటపడ్డ ఫ్లేమ్ అనే గూఢచర్య ప్రోగ్రాం ఎండీ5 బలహీనతతోనే మైక్రోసాఫ్ట్ సంతకాన్ని నకలు చేసి విండోస్ అప్‌డేట్ వేషంలో తిరిగింది. 2017 ఫిబ్రవరి 23న గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ కలిసి షా-1కూ అదే గతి పట్టించి, ఒకే హ్యాష్ ఉన్న రెండు పీడీఎఫ్‌లు పెట్టాయి. ఇప్పటికే ఉన్న ఫైలుకు సరిపోయే ఎండీ5తో మరో ఫైలు తయారుచేయడం ఇంకా ఎవరి చేతా కాలేదు, కాబట్టి పాత జాబితాలన్నీ ఒక్కరోజులో చెత్త అయిపోలేదు. జతను మొదటి నుంచీ తనే తయారుచేసుకునే దొంగ ముందు మాత్రం ఎండీ5 నిలబడదు.

ఇక్కడ మన చట్టంలో నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. 2000 నాటి ఐటీ చట్టం మూడో సెక్షన్ హ్యాష్‌ను నిర్వచిస్తూ, రెండు రికార్డులకు ఒకే ఫలితం రాబట్టడం ఆచరణలో సాధ్యం కాకూడదంది. ఆ కొలతతో చూస్తే ఎండీ5 పరీక్ష తప్పి ఇరవయ్యేళ్లు దాటింది. అయినా 2023లో చేసిన సాక్ష్య చట్టం ఫారంలో షా-1, షా-256లతోపాటు ఎండీ5 గడి కూడా ఉంది. అవతలి లాయరు ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి అడిగితే జవాబు చెప్పడం కష్టం. ఎండీ5 గడిని తీసేయాలి.

మళ్లీ ఛత్తా బజార్‌కు వద్దాం. క్రాక్ చేసిన ప్రోగ్రాం విషయంలో హ్యాష్ పూర్తిగా చేతులెత్తేస్తుంది. క్రాక్ అంటేనే అసలు ఫైలును మార్చడం. కాబట్టి అది ఏ మంచి జాబితాతోనూ సరిపోదు. యాంటీవైరస్‌లు ఎలాగూ దాన్ని దొంగ పనిముట్టుగానే చూపిస్తాయి. అందులో లైసెన్సు తప్పించే నాలుగు మార్పులే ఉన్నాయా, ఓటీపీ దొంగ కూడా ఉన్నాడా అన్నది చూసేవాడికి తెలియదు. లైసెన్సు ఖరీదు భరించలేని చిన్న ప్రెస్సులను తిట్టి లాభం లేదు. పేజ్‌మేకర్‌ను కొందామన్నా ఇప్పుడు అమ్మేవాడే లేడు. అయితే క్రాక్ ఉన్న యంత్రాన్ని నెట్ నుంచి విడదీసి కంపోజింగ్‌కే ఉంచవచ్చు. బ్యాంకు పనులూ యూపీఐ లెక్కలూ ఇంకో యంత్రంలో చూసుకోవచ్చు. ఇది పెద్ద ఖర్చు లేకుండా రేపే చేయగలిగే పని.

అసలు సీడీ ఉన్నవాళ్లు మరో పని చేయవచ్చు. విండోస్ 7లో కూడా సర్ట్‌యుటిల్ అనే పనిముట్టు ఉంటుంది, కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక్క వరుస కొడితే ఫైలు షా-256 వస్తుంది. సీడీలోని సెటప్ హ్యాష్‌ను లెక్కగట్టి, కాగితం మీద అచ్చు వేసి, తేదీ వేసి గోడకు అంటించుకోవచ్చు. అచ్చు యంత్రం ఎలాగూ పక్కనే ఉంది. తర్వాత ఏ కుర్రాడు పెన్‌డ్రైవ్ తెచ్చినా ముందు లెక్కగట్టి గోడ మీద ఉన్నదానితో పోల్చాలి. ప్రపంచ జాబితాల్లో లేని సాఫ్ట్‌వేర్‌కు ఇంతకన్నా మంచి దారి లేదు. కాగితం మీది హ్యాష్‌ను పెన్‌డ్రైవ్‌లోని వైరస్ మార్చలేదు కూడా.

అన్ని బరువులూ వాడేవాడి నెత్తినే వేయడం న్యాయం కాదు. ఉర్దూ, తెలుగు అచ్చు సాఫ్ట్‌వేర్లు అమ్మే మన కంపెనీలు ఇప్పటిదాకా విడుదల చేసిన ప్రతి వెర్షన్ షా-256 విలువనూ సంతకంతో ప్రచురించాలి. డౌన్‌లోడ్ ఆపేసిన పాతవాటిని కూడా వదలకూడదు, ఎందుకంటే చలామణిలో ఉన్నవి అవే. నిస్ట్ లైబ్రరీ కంపెనీల నుంచి సాఫ్ట్‌వేర్ ప్రతులను ఉచితంగా స్వీకరిస్తుంది, అక్కడికి ఒక్కో ప్రతి పంపితే వాటి హ్యాష్‌లు ప్రపంచమంతటి ఫోరెన్సిక్ ల్యాబుల చేతికి అందుతాయి. రెడ్‌హిల్స్‌లోని మన ఫోరెన్సిక్ ల్యాబుకు ఏదో ఒక కేసులో డీటీపీ సెంటరు హార్డ్‌డిస్కు వెళ్లినప్పుడు, అందులోని ఇన్‌పేజ్ కంపెనీ ఇచ్చినదో దొంగ చేయి పడ్డదో అప్పుడు నిమిషాల్లో తేలుతుంది.